ఒక విశ్వవిద్యాలయం – ఎన్ని ముఖాలు?

మన హాస్టల్‌లో నా తర్వాత చేరిన ఒక తమ్ముడు నిరుడు డిగ్రీ పూర్తి చేశాడు. పి.జి.లో సీటు వచ్చింది. సర్టిఫికెట్ల పరిశీలనకు ప్రొవిజనల్ సర్టిఫికెట్ తెమ్మన్నారు. ఊళ్ళో నెట్ సెంటర్‌కు వెళ్ళి తన యూనివర్సిటీ పేరు కొట్టి వెతికితే పరీక్షల విభాగం పేరుతో రెండు సైట్లు కనిపించాయి. ఒకటి నీలం రంగులో ఉంది, రెండోది ఆకుపచ్చ రంగులో ఉంది. రెండింటి మీదా యూనివర్సిటీ చిహ్నమే ఉంది. ముందు కనిపించిన దానిలోంచి దరఖాస్తు ఫారం తీసుకుని, అందులో చెప్పినట్లే బ్యాంకులో డి.డి. తీసి, వంద కిలోమీటర్లకు పైగా బస్సులో వెళ్ళి కౌంటర్‌లో ఇచ్చాడు. "ఈ ఫారం ఎప్పుడో తీసేశాం బాబూ, ఇప్పుడంతా ఆన్‌లైనే. నువ్వు చూసింది పాత సైటు" అని వెనక్కి ఇచ్చేశారు. మళ్ళీ ఫీజు కట్టి, సర్టిఫికెట్ చేతికి వచ్చేసరికి పరిశీలన గడువు దాటిపోయింది. ఆ విడతలో వచ్చిన సీటు పోయింది. తర్వాతి విడతలో ఇంకా దూరంగా ఉన్న కాలేజీలో చేరాల్సి వచ్చింది.

"అన్నా, తప్పు నాదేనా?" అని ఫోన్‌లో అడిగాడు. కాదన్నాను. ఎందుకు కాదో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

బ్రాండింగ్ అంటే ఏమిటి?

ఒక సంస్థకు చెందిన వాటన్నింటి మీదా ఒకే గుర్తు ఉండేలా చూడటాన్ని బ్రాండింగ్ అంటారు. "బ్రాండ్" అనే ఇంగ్లీషు మాటకు మూలం కాల్చడం. కాల్చిన ఇనుముతో పశువుల ఒంటి మీద వేసే ముద్రకు ఆ పేరు ఉండేది. మన ఊళ్ళలో గొర్రెల కాపరులు మందలోని గొర్రెలకు రంగు పూయడం మనం చూసినదే. చెరువు గట్టున రెండు మందలు కలిసిపోయినా, మెడ మీద ఎర్ర రంగు ఉన్నది మనదని వెంటనే తెలుస్తుంది. అదే మందలో కొన్నింటికి మెడ మీద, కొన్నింటికి వీపు మీద, కొన్నింటికి వేరే రంగుతో పూస్తే ఆ గుర్తుకు అర్థం లేదు. గుర్తు చేసే పనులు రెండే. తన వాటిని ఒకచోట కలపాలి, పరాయి వాటి నుండి వేరు చేయాలి.

విశ్వవిద్యాలయానికి ఆ గుర్తు పేరు, చిహ్నం, రంగు, అక్షరాల తీరు. కాగితాల కాలంలో ఈ పని సులువు. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడింది. దాని మొదటి ఉపాధ్యక్షులు కట్టమంచి రామలింగారెడ్డి గారు. చిత్రకారుడు కౌతా రామమోహన శాస్త్రి గారు దాని చిహ్నాన్ని గీశారు. అటువంటి చిహ్నం పట్టాల మీద, కార్యాలయ ఉత్తరాల మీద, పుస్తకాల మీద, ద్వారం మీద కనిపించేది. ఎక్కడ అచ్చు వేయాలన్నా ఆఫీసు అనుమతి కావాలి. కాబట్టి అన్నిచోట్లా దాదాపు ఒకేలా ఉండేది. ఇంటర్నెట్ వచ్చాక ఈ పరిస్థితి మారింది.

ఇన్ని సైట్లు ఎలా పుట్టాయి?

ఎవరూ కావాలని గందరగోళం సృష్టించలేదు. మొదట విశ్వవిద్యాలయం ఒక ప్రధాన వెబ్‌సైటు పెడుతుంది. తర్వాత పరీక్షల విభాగానికి ఫలితాలు పెట్టే అవసరం వస్తుంది. ప్రధాన సైటు అంత రద్దీ తట్టుకోదు కాబట్టి ఒక ప్రైవేటు సంస్థకు కాంట్రాక్టు ఇచ్చి వేరే సైటు పెడతారు. దూరవిద్య వారికి ఇంకొకటి. ప్రవేశాలకు మరొకటి. ఒక విభాగంలో కంప్యూటర్ తెలిసిన లెక్చరర్ ఉంటే ఆయన సొంతంగా ఒకటి తయారు చేస్తారు. సదస్సు జరిగితే దానికొకటి. కాంట్రాక్టు ముగుస్తుంది, లెక్చరర్ బదిలీ అవుతారు, పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉందో తెలియదు. కొత్త సైటు వస్తుంది గానీ పాతదాన్ని తీసేవారు ఉండరు.

లోపల పనిచేసేవారికి ఇది సమస్యగా కనిపించదు. ఎవరి సైటు వారికి తెలుసు. బయటి నుంచి వచ్చే విద్యార్థికి మాత్రం పరీక్షల విభాగం, ప్రవేశాల విభాగం అన్న తేడా లేదు. అతనికి కనిపించేది ఒకే విశ్వవిద్యాలయం. ఇంట్లో అక్కో అన్నో యూనివర్సిటీలో చదివి ఉంటే ఏ సైటు అసలుదో వారిని అడుగుతాడు. మనలో చాలామంది ఇళ్ళలో డిగ్రీ గడప తొక్కినవారిలో మనమే మొదటివాళ్ళం. మా ఇంట్లో కూడా నేనే. అడగడానికి మనిషి లేనప్పుడు ఆ పేజీ చెప్పిందే దిక్కు. అందుకే వెబ్‌సైట్లు ఒకే తీరుగా ఉండటం అందరికంటే మనకే ఎక్కువ అవసరం.

దీనికి ఎదురు సమస్య కూడా ఉంది. 1972లో ఏర్పడిన జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం 2008లో విడిపోయి హైదరాబాద్, కాకినాడ, అనంతపురాల్లో వేర్వేరు విశ్వవిద్యాలయాలుగా మారింది. లలిత కళలకు, వాస్తు శిల్పానికి మరొకటి ఏర్పడింది. తర్వాత విజయనగరంలో గురజాడ పేరుతో ఇంకొకటి వచ్చింది. వీటన్నింటి పేర్లలోనూ నెహ్రూ పేరు ఉంది. కానీ ఒకరి నోటిఫికేషన్ ఇంకొకరికి వర్తించదు. ఇక్కడ గుర్తు చేయాల్సిన పని కలపడం కాదు, వేరు చేయడం. ఊరి పేరు పెద్ద అక్షరాల్లో ప్రతి పేజీ పైనా ఉంటే చాలు, సగం తికమక పోతుంది.

ఏవేవి ఒకేలా ఉండాలి?

అన్ని పేజీలూ అచ్చుగుద్దినట్లు ఉండాలని కాదు. రసాయనశాస్త్ర విభాగం పేజీకి, గ్రంథాలయం పేజీకి పని వేరు. అయినా ఈ కింది విషయాల్లో తేడా ఉండకూడదు.

1. చిరునామా: అన్ని విభాగాల సైట్లూ విశ్వవిద్యాలయం సొంత చిరునామా కిందనే ఉండాలి. ఒక చిరునామా ఉంటే దాని ముందు పరీక్షలు, ప్రవేశాలు, గ్రంథాలయం అని చేర్చి ఎన్ని ఉపచిరునామాలైనా పెట్టుకోవచ్చు. బయట వేరే పేరు కొంటే దాన్ని గడువులోగా రెన్యూవల్ చేయించాలి. మరిచిపోతే ఆ పేరును ఎవరైనా కొనుక్కోవచ్చు. అప్పుడు నిన్నటి యూనివర్సిటీ సైటు నేడు ఇంకెవరిదో అవుతుంది.

2. పేరు, చిహ్నం: పేరు అన్నిచోట్లా ఒకే వరుసలో, ఒకే స్పెల్లింగ్‌తో ఉండాలి. తెలుగులో పేరు రాసేటప్పుడు ఒకచోట విశ్వవిద్యాలయం అని, ఒకచోట విశ్వ విద్యాలయము అని, ఒకచోట యూనివర్సిటీ అని రాస్తే వెతికేవారికి సరిగ్గా దొరకదు. తెలుగు పేరును బొమ్మగానో, పాత ఫాంట్లలోనో పెట్టిన సైట్లలో వెతుకులాటే పనిచేయదు. యూనికోడ్ తెలుగులో రాస్తే ఏ ఫోన్‌లోనైనా కనిపిస్తుంది, వెతికితే దొరుకుతుంది.

3. పై పట్టీ, కింది పట్టీ: పైన విశ్వవిద్యాలయం పేరు, దాన్ని నొక్కితే ప్రధాన సైటుకు దారి. కింద కార్యాలయ చిరునామా, ఫోన్, ఫిర్యాదు ఎవరికి చేయాలి అన్న వివరం.

4. మెనూ వరుస: ప్రవేశాలు, పరీక్షలు, ఫీజులు, హాస్టళ్ళు, స్కాలర్‌షిప్‌లు అన్న మాటలు ఒక సైటులో ఎడమవైపు, ఇంకో సైటులో కిందివైపు ఉండకూడదు. ఒకే విషయానికి రెండు పేర్లూ ఉండకూడదు.

5. తేదీ, బాధ్యత: ప్రతి పేజీ కింద చివరిసారి ఎప్పుడు సవరించారో, ఏ విభాగానిదో ఉండాలి. మా తమ్ముడు చూసిన పేజీలో ఈ ఒక్క వాక్యం ఉన్నా అతని సీటు నిలిచేది.

ఎలా చేస్తారు?

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం దీనికి మంచి ఉదాహరణ. అక్కడ పాఠశాలలు, ప్రయోగశాలలు, కేంద్రాలు ఎన్నో ఉన్నాయి. అందరి సైట్లనూ ఒకే అచ్చులో పోయకుండా, పేజీ పైన ఒక సన్నని ఎర్ర పట్టీ పెట్టే పద్ధతి తెచ్చారు. దాని మీద తెల్ల అక్షరాలతో విశ్వవిద్యాలయం పేరు ఉంటుంది. నొక్కితే ప్రధాన సైటుకు వెళుతుంది. "కార్డినల్" అనే ఆ ఎరుపు ఏ ఎరుపో కంప్యూటర్‌కు అర్థమయ్యే సంకేతంతో సహా నిర్ణయించి, అందరికీ అందుబాటులో ఉన్న నియమావళిలో పెట్టారు. తయారైన నమూనాలు కూడా ఇస్తారు. పట్టీ కింద విభాగం తన సమాచారం తనకు తగినట్లు పెట్టుకోవచ్చు. అందరూ పాటించాల్సింది కొద్దిగానే ఉంటుంది కాబట్టి పాటించడం సులువు.

దీని వెనుక ఉన్న సాంకేతిక సూత్రం కూడా కష్టమైనది కాదు. మన హాస్టల్‌లో మెస్ టైమింగ్స్ గది గదికీ వేర్వేరుగా రాసి అంటిస్తే, టైము మారిన రోజున ఏదో ఒక గదిలో పాత కాగితం మిగిలిపోతుంది. ఒకే బోర్డు మీద రాస్తే ఆ ఇబ్బంది లేదు. వెబ్‌సైటులో ఆ బోర్డు పని చేసేది స్టైల్ షీట్. 1996లో ప్రమాణంగా వచ్చిన ఈ పద్ధతిలో రంగులు, అక్షరాల పరిమాణం వంటివి ఒక ఫైలులో రాస్తారు. అన్ని పేజీలూ దాన్ని చూసి తయారవుతాయి. ఆ ఫైలులో ఒక్క వరుస మారిస్తే వేల పేజీలు మారతాయి. పేరు, మెనూ, పై పట్టీ కూడా ఇలాగే ఒకే టెంప్లేట్ నుంచి వచ్చేలా చేయవచ్చు. డ్రూపల్, వర్డ్‌ప్రెస్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు ఇందుకు ఉన్నాయి.

పేర్లు మారినప్పుడు దీని విలువ తెలుస్తుంది. విజయవాడలోని డాక్టర్ ఎన్.టి.ఆర్. ఆరోగ్య విశ్వవిద్యాలయం పేరును 2022లో డాక్టర్ వై.ఎస్.ఆర్. పేరుగా మార్చారు. 2024లో మళ్ళీ ఎన్.టి.ఆర్. పేరు పెట్టారు. అలాగే 2017 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు దరిమిలా, పేరులో "యూనివర్సిటీ" అనే మాట వాడరాదని యు.జి.సి. 123 డీమ్డ్ సంస్థలకు లేఖ రాసింది. ఇటువంటి సమయంలో పేరు ఒకేచోట ఉంటే పని ఒక పూటలో అయిపోతుంది. వంద చోట్ల ఉంటే ఏళ్ళ తరబడి పాత పేరు, కొత్త పేరు పక్కపక్కనే కనిపిస్తూ ఉంటాయి. పేరు ఏ సంవత్సరం నుండి ఏ సంవత్సరం వరకు ఏమిటో తెలియక ఉద్యోగ దరఖాస్తులో ఇబ్బంది పడేది పట్టా పుచ్చుకున్న విద్యార్థే.

అయితే సాఫ్ట్‌వేర్ కంటే ముందు చేయాల్సిన పని లెక్క. మొత్తం ఎన్ని సైట్లు ఉన్నాయి, ఏది ఎవరిది, ఏది బతికి ఉంది, ఏది వదిలేశారు అని జాబితా రాయాలి. ఉంచేవి, కలిపేవి, తీసేసేవి విడదీయాలి. తీసేసిన సైటు చిరునామాకు వెళ్ళినవారు వాటంతటవే కొత్త సైటుకు చేరేలా దారి మళ్ళించాలి. పాత ఫలితాలు, పాత నోటిఫికేషన్లు పారేయకుండా "పాతవి" అని స్పష్టంగా రాసి భద్రపరచాలి. ఈ లెక్క చేయకుండా కొత్త రంగులు వేస్తే, ఉన్న సైట్లకు ఇంకొకటి తోడవుతుంది, అంతే.

ఎక్కడ ఎదురుదెబ్బ తగిలింది?

పది క్యాంపస్‌లు ఉన్న కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం 2012లో ఒక కొత్త గుర్తును ముందుకు తెచ్చింది. తెరిచిన పుస్తకం, నక్షత్రం ఉన్న దాని పాత ముద్ర చిన్న తెరల మీద స్పష్టంగా కనిపించదు. కాబట్టి వెబ్‌సైట్ల వంటి చోట్ల వాడటానికి రెండు ఇంగ్లీషు అక్షరాలతో సాదా గుర్తు గీయించారు. పట్టాల మీద పాత ముద్రే ఉంటుందని చెప్పారు. అయినా విద్యార్థులు, పూర్వ విద్యార్థులు ఒప్పుకోలేదు. 50 వేల మందికి పైగా వ్యతిరేకిస్తూ సంతకాలు చేశారు. 2012 డిసెంబరు 14న విశ్వవిద్యాలయం ఆ గుర్తును ఆపేసింది. లండన్‌లోని కింగ్స్ కాలేజీ 2014 డిసెంబరులో తన పేరులోని "కాలేజ్" మాటను వాడుకలో తీసేసి "కింగ్స్ లండన్" అని పిలిపించుకోవాలనుకుంది. విద్యార్థులు ఎదురు తిరిగారు. 2015 జనవరిలో ఆ ఆలోచన మానుకుంది.

ఈ రెండింటిలోనూ ఉద్దేశం చెడ్డది కాదు. కానీ ఉన్న గుర్తును అన్నిచోట్లా సరిగ్గా పెట్టడం ఒక పని, గుర్తునే మార్చడం ఇంకో పని. మొదటిదానికి క్రమశిక్షణ చాలు. రెండోదానికి ఆ గుర్తును గుండెకు హత్తుకున్నవారి సమ్మతి కావాలి. మన విశ్వవిద్యాలయాలకు చాలావరకు కావలసింది మొదటిదే. కొత్త లోగో కోసం డబ్బు ఖర్చు చేయనక్కరలేదు.

చూపు లేని మిత్రులకు

ఒకేలా ఉండటం కంటికి ఇంపు కోసమని అనుకుంటాం. చూపు లేని విద్యార్థికి కూడా ఇదే ఆధారం. వారు పేజీని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ వాడతారు. మెనూలో మూడోది పరీక్షలు అని ఒకసారి తెలిస్తే ప్రతి పేజీలోనూ నేరుగా అక్కడికి వెళతారు. పేజీ పేజీకీ వరుస మారితే మొత్తం మొదటి నుంచి వినాలి. అందుకే 2008లో వెలువడిన అంతర్జాతీయ వెబ్ సౌలభ్య ప్రమాణాల రెండవ రూపంలో, పలు పేజీల్లో వచ్చే మెనూ ఒకే వరుసలో ఉండాలని, ఒకే పని చేసే బటన్‌కు అన్నిచోట్లా ఒకే పేరు ఉండాలని స్పష్టంగా రాశారు. మామూలు అక్షరాలకు, వెనుక రంగుకు మధ్య తేడా కనీసం 4.5కు 1 నిష్పత్తిలో ఉండాలన్నారు. పసుపు మీద తెల్ల అక్షరాలు పెడితే చూపు బాగున్నవారికి కూడా ఎండలో ఫోన్ మీద కనిపించవు. 2023లో వచ్చిన సవరణలో, సహాయం కోసం ఇచ్చే ఫోన్ నంబరు వంటి వివరాలు ప్రతి పేజీలో ఒకే స్థానంలో ఉండాలని చేర్చారు.

మన దేశంలోనూ ప్రభుత్వ వెబ్‌సైట్లకు 2009 నుండి మార్గదర్శకాలు ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వ సైట్లన్నీ ఒకే తీరుగా ఉండేందుకు 2025 ఫిబ్రవరిలో ఒక నియమావళి కూడా వచ్చింది. ఉన్నత విద్యాసంస్థలు ఫీజులు, కోర్సులు, అధ్యాపకుల వివరాలు లాగిన్ అడగకుండా అందరికీ కనిపించేలా తమ సైటులో పెట్టాలని యు.జి.సి. 2024లో చెప్పింది. కాబట్టి ఇది ఎవరి దయో కాదు, అడగదగిన విషయమే.

పోలిక ఉంటే అసలుదేనా?

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. రంగు, చిహ్నం ఎవరైనా కాపీ చేయగలరు. పది నిమిషాల్లో అచ్చం అలాంటి పేజీ తయారు చేసి ఫీజు వసూలు చేసేవారు ఉంటారు. చిరునామా పక్కన తాళం గుర్తు కనిపించినా మోసపోకండి. మనకూ ఆ సైటుకూ మధ్య సమాచారాన్ని దారిలో ఎవరూ చదవలేరని మాత్రమే దాని అర్థం. ఆ సైటు పెట్టినవారు మంచివారని కాదు.

కాపీ చేయలేనిది చిరునామా. "డాట్ ఏసీ డాట్ ఇన్" చివరన ఉన్న చిరునామాలను ఎర్నెట్ ఇండియా అనే ప్రభుత్వ సంస్థ ద్వారా విద్యాసంస్థలకే ఇస్తారు. "డాట్ కామ్", "డాట్ నెట్" వంటివి డబ్బు కట్టిన ఎవరికైనా దొరుకుతాయి. చిరునామాను కుడివైపు నుంచి చదవాలి. మొదటి గీతకు ముందు ఉన్న చివరి భాగం ఏమిటో చూడాలి. ఎడమవైపు యూనివర్సిటీ పేరు ఎంత పొడుగ్గా ఉన్నా లెక్కలోకి రాదు. ఆ మాటకొస్తే సంస్థే బూటకం కావచ్చు. 1956 నాటి యు.జి.సి. చట్టం 22వ సెక్షన్ ప్రకారం పట్టాలు ఇచ్చే హక్కు చట్టబద్ధంగా ఏర్పడిన విశ్వవిద్యాలయాలకు, డీమ్డ్ సంస్థలకు, పార్లమెంటు చట్టం ద్వారా ప్రత్యేకంగా ఆ హక్కు పొందిన సంస్థలకే ఉంది. నకిలీ విశ్వవిద్యాలయాల జాబితాను యు.జి.సి. తన సైటులో పెడుతుంది. ఫీజు కట్టే ముందు ఒకసారి చూడటానికి అయిదు నిమిషాలు చాలు.

అసలు విశ్వవిద్యాలయమే తన పరీక్షల సైటును ఒక డాట్ కామ్‌లో, ప్రవేశాల సైటును ఇంకో డాట్ నెట్‌లో పెడితే, విద్యార్థికి ఈ తేడా ఎలా తెలుస్తుంది? అసలువాటికే పొందిక లేనప్పుడు నకిలీ కూడా వాటిలో ఒకటిగా కలిసిపోతుంది. మంద అంతటికీ ఒకే గుర్తు లేకపోతే పరాయి గొర్రె చొరబడినా కనిపెట్టలేం కదా.

మనం చేయగలిగింది

మిత్రులారా! ఈ మార్పు విశ్వవిద్యాలయాల వారు చేయాల్సిందే. అంతవరకు మనం ఊరుకోనక్కరలేదు. ఎక్కడైనా పాత ఫారం, పాత ఫీజు కనిపిస్తే ఆ పేజీ చిరునామా, తేదీ రాసి రిజిస్ట్రార్ గారికి ఈ-మెయిల్ పంపండి. ప్రభుత్వ విశ్వవిద్యాలయమైతే, మీ అధికారిక సైట్లు ఎన్ని, అవి ఏవి అని సమాచార హక్కు చట్టం, 2005 కింద అడగవచ్చు. ఆ జాబితా రాయాల్సి వచ్చినప్పుడే వారికి కూడా అసలు లెక్క తెలుస్తుంది. మన హాస్టల్ నోటీసు బోర్డులో ఒక మూల, మన విద్యార్థులు దరఖాస్తు చేసే విశ్వవిద్యాలయాల సరైన చిరునామాలు రాసి, ప్రతి జూన్‌లో సరిచూద్దాం. కంప్యూటర్ కోర్సు చదివిన సీనియర్లు ఆ బాధ్యత తీసుకోవాలి. ఈ సంవత్సరం ఆ పని నేను మొదలు పెడతాను.

తమ్ముడి ప్రశ్నకు నా జవాబు ఇదే. ఇంటిపేరు ఒకటే అయినా వాకిళ్ళు నాలుగు పెట్టి, పాత వాకిలి మూయకుండా వదిలేసిన ఇంటివారిది తప్పు గానీ, తలుపు తీసి ఉందని లోపలికి వచ్చినవాడిది కాదు.

– ఎం.సి.ఎ., హాస్టల్ పూర్వ విద్యార్థి